నోరు లేనివారి కోసం నోరు విప్పిన డొరొతియా డిక్స్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుల జీవితం ఉంటుంది. అంబేద్కర్ గారు, ఫూలే దంపతులు, జాషువా గారు మనకు ఇంట్లో మనుషుల్లాంటి వారు. ఈసారి మన దేశానికి ఎప్పుడూ రాని ఒక అమెరికా టీచరమ్మ గురించి రాస్తున్నాను. నర్సింగ్, సైకాలజీ చదివే మన సీనియర్లకు ఆమె పేరు పాఠంలో ఎక్కడో తగిలే ఉంటుంది. ఆమె డొరొతియా లిండ్ డిక్స్. మతి చలించి, జైళ్లలోనూ బీదల ఆశ్రమాల్లోనూ గొలుసులతో పడి ఉన్న పెద్దవాళ్ల కోసం సగం జీవితం ఊరూరా తిరిగిన మనిషి. వాళ్లు ఓటు వేసేవాళ్లు కాదు, అర్జీ రాసుకోగలిగేవాళ్లు కాదు, తమను కొట్టారని చెప్పినా నమ్మేవాళ్లు లేరు. అలాంటి వారి తరఫున అడగడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా!

డొరొతియా 1802 ఏప్రిల్ 4న మెయిన్ ప్రాంతంలోని హాంప్‌డెన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి జోసెఫ్ డిక్స్ ఊరూరా తిరిగి మతబోధ చేసేవాడు. తాగుడు అలవాటు ఉంది. తల్లికి ఎప్పుడూ అనారోగ్యమే, మనసు కూడా స్థిమితంగా ఉండేది కాదు. తండ్రి అమ్మే మతప్రచార పుస్తకాలకు కుట్లు వేయడం, అంటించడం ఆ చిన్న పిల్ల పని. ఇద్దరు తమ్ముళ్లను చూసుకోవడం కూడా ఆమె పనే. ఇంట్లో తాగే తండ్రి, మంచంలో తల్లి, చంకలో తమ్ముడు. ఈ బొమ్మ మనలో చాలామందికి కొత్తది కాదు. పన్నెండేళ్ల వయసులో ఇల్లు వదిలి బోస్టన్‌లోని నాయనమ్మ దగ్గరికి చేరారు. నాయనమ్మ కలిగిన మనిషి, మహా క్రమశిక్షణ గల మనిషి. అక్కడి నుంచి వూస్టర్‌లో బంధువుల ఇంటికి వెళ్లి, పద్నాలుగేళ్లకే చిన్నపిల్లలకు బడి పెట్టారు. టీచరులా పెద్దగా కనపడాలని గౌను పొడవు పెంచుకున్నారట.

తరువాత బోస్టన్‌లో డబ్బున్న ఇళ్ల ఆడపిల్లలకు ఒక బడి, నాయనమ్మ ఇంటి కొట్టంలో పేద పిల్లలకు ఫీజు లేని బడి, రెండూ నడిపారు. 1824లో పిల్లల కోసం ఆమె రాసిన కాన్వర్జేషన్స్ ఆన్ కామన్ థింగ్స్ అనే పుస్తకం ఎన్నోసార్లు అచ్చయింది. కాని ఊపిరితిత్తుల జబ్బు ఆమెను వదలలేదు. 1836లో పూర్తిగా మంచాన పడి, విశ్రాంతి కోసం ఇంగ్లండ్ వెళ్లారు. లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే సంస్కర్త కుటుంబం ఆమెను ఇంటి మనిషిలా చూసుకుంది. ఆ ఇంటికి వచ్చే పెద్దల మాటల్లోనే మానసిక రోగులను కట్టకుండా, కొట్టకుండా చూసే కొత్త పద్ధతుల గురించి విన్నారు. అప్పటికే యార్క్ నగరంలో ట్యూక్ కుటుంబం 1796 నుంచి రిట్రీట్ అనే ఆశ్రమం నడుపుతోంది. అక్కడ రోగికి పని, తోట, మంచి మాట, శుభ్రమైన మంచం, ఇవే మందులు. ఈ చూపు లేకపోతే తరువాతి కథ లేదు. 1837లో ఆమె తిరిగి వచ్చేసరికి నాయనమ్మ చనిపోయి ఉన్నారు. ఆమె వదిలిన ఆస్తి వల్ల తిండికి ఇబ్బంది లేదు.

1841 మార్చి 28, ఆదివారం. బోస్టన్ పక్కనే ఉన్న ఈస్ట్ కేంబ్రిడ్జి జైలులో ఆడ ఖైదీలకు బైబిలు పాఠం చెప్పడానికి ఎవరైనా స్త్రీ కావాలని ఒక విద్యార్థి సలహా అడిగితే, ఎవరినో ఎందుకు, నేనే వస్తానని ఆమె బయలుదేరారు. అప్పటికి ఆమెకు ముప్పై తొమ్మిది నిండబోతున్నాయి. పాఠం అయిపోయింది. అంతటితో ఇంటికి వెళ్లిపోయి ఉంటే మనం ఈ రోజు ఆమె పేరు తలుచుకునేవాళ్లం కాదు. ఆమె మిగిలిన గదులు కూడా చూపించమన్నారు. చూస్తే ఏ నేరమూ చేయని మతిలేని ఆడవాళ్లు అక్కడ బంధించి ఉన్నారు. న్యూ ఇంగ్లండ్ చలికి ఆ గదుల్లో పొయ్యి కూడా లేదు. ఎందుకు లేదని అడిగితే, పిచ్చివాళ్లకు చలి తెలియదు అన్నట్టుగా జైలు మనిషి సమాధానం చెప్పాడు.

ఈ సమాధానం దగ్గర కొంచెం ఆగాలి. డిసెంబరు నెలలో కిటికీ రెక్కలు లేని గదిలో, నేల మీద, ఒక్క దుప్పటితో పడుకున్న మన హాస్టల్ పాత విద్యార్థులకు చలి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్లకు అలవాటే, వాళ్లకు ఏమీ కాదు అనే మాట కూడా మనం విన్నదే. ఒక మనిషిని నిర్లక్ష్యం చేయాలంటే ముందు అతనికి బాధ తెలియదు అని నమ్మాలి. ఆ నమ్మకం కుదిరాక పొయ్యి పెట్టకపోయినా మనసు కుట్టదు. ఆ జైలు మనిషి రాక్షసుడేమీ కాకపోవచ్చు. అందరూ అనుకునేదే అతనూ అనుకున్నాడు. డిక్స్ మాత్రం ఊరుకోలేదు. విషయాన్ని కోర్టు ముందుకు తీసుకువెళ్లారు. అంధుల పాఠశాల నడుపుతున్న డాక్టర్ శామ్యూల్ గ్రిడ్లీ హోవ్, న్యాయవాది చార్లెస్ సమ్నర్ ఆమెకు తోడు నిలిచారు. ఆ గదులకు పొయ్యిలు వచ్చాయి.

ఒక్క జైలులోనే ఇలా ఉందా, అన్నిచోట్లా ఇంతేనా? ఈ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు. దాదాపు రెండేళ్లు మసాచుసెట్స్ రాష్ట్రమంతా తిరిగి జైళ్లు, బీదల ఆశ్రమాలు, ఇళ్ల వెనుక కొట్టాలు చూశారు. ఆ రోజుల్లో దిక్కులేనివారి పోషణ ఊరి బాధ్యత. చాలా ఊళ్లు ఆ భారం దించుకోవడానికి పాట పెట్టేవి. మామూలు వేలంలో ఎక్కువ పాడినవాడికి వస్తువు దక్కుతుంది. ఇక్కడ తిరగేసి, ఏడాదికి ఎవరు తక్కువ డబ్బు అడిగితే వాళ్లకు ఆ మనిషిని అప్పగించేవారు. తక్కువకు పాడినవాడు తిండిలోనో, బట్టలోనో, కట్టెలలోనో మిగుల్చుకోవాలి కదా! సరుకుల టెండరు తక్కువకు వేసిన కాంట్రాక్టరు పప్పు ఎలా ఉంటుందో తెలిసిన మనకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. రాష్ట్రం కట్టిన మానసిక వైద్యశాల వూస్టర్‌లో 1833 నుంచి ఉంది గాని, అందులో చోటు చాలదు. పైగా అక్కడికి పంపితే ఊరికి ఖర్చు ఎక్కువ. జైలు కొట్టయితే చవక.

ఆమెకు అధికారం ఏమీ లేదు, ఏ హోదా లేదు. తలుపు తట్టి, లోపల ఎవరున్నారో చూపించమని అడగడమే. ముందు గది చూసి తృప్తిపడే మనిషి కాదు. వెనుక గది, కింద గది, తాళం వేసిన గది చూడాలి. తనిఖీ ఉన్న రోజున కూరలో ముక్కలు ఎక్కువ పడతాయని హాస్టల్‌లో చదివిన ప్రతివాడికీ తెలుసు. అందుకే ఆమె పద్ధతి నాకు నచ్చింది. చూసింది చూసినట్టు ఊరి పేరుతో సహా నోటుబుక్కులో రాసుకున్నారు. లింకన్‌లో బోనులో ఒక స్త్రీ. మెడ్‌ఫర్డ్‌లో పదిహేడేళ్లుగా ఇరుకు కొట్టులో ఒకరు. గ్రాన్‌విల్‌లో కదలిక లేక కాళ్లూ చేతులూ పడిపోతున్న ఒకరు. డాన్వర్స్‌లో ఒంటి మీద గుడ్డ లేకుండా తన చర్మం తానే పీక్కుంటున్న ఒక యువతి.

1843 జనవరిలో ఇదంతా ఒక వినతిపత్రంగా రాసి శాసనసభకు పంపారు. స్త్రీలకు అప్పుడు ఓటు లేదు, సభలో మాట్లాడే హక్కు లేదు. సభ్యుడిగా ఉన్న డాక్టర్ హోవ్ ఆమె తరఫున దాన్ని ప్రవేశపెట్టారు. ఆ పత్రంలో కన్నీళ్ల వర్ణన తక్కువ. ఊరు, మనిషి, స్థితి, అంతే. కాని ఊరి పేర్లు ఉండటంతో గొడవ మొదలైంది. ఆశ్రమాల పెద్దలు ఇదంతా అబద్ధమన్నారు, పత్రికల్లో ఆమెను దులిపేశారు. పెళ్లికాని ఆడది ఇలాంటి చోట్లకు వెళ్లడమేమిటని ముక్కున వేలేసుకున్నవారూ ఉన్నారు. సభ నియమించిన కమిటీ మాత్రం ఆమె చెప్పింది నిజమేనని తేల్చింది. వూస్టర్ ఆసుపత్రిని పెంచడానికి డబ్బు మంజూరైంది.

అక్కడి నుంచి ఆమె ఆగలేదు. పక్క రాష్ట్రం రోడ్ ఐలాండ్‌లో అబ్రామ్ సిమ్మన్స్ అనే మనిషిని కిటికీ లేని రాతి కొట్టులో గొలుసుతో కట్టి ఉంచారు. గోడల మీద మంచు పేరుకుని ఉంది. 1844లో ఆమె ఆ సంగతి ప్రావిడెన్స్ పత్రికలో రాశారు. పిసినారి అని పేరుపడ్డ సైరస్ బట్లర్ అనే ధనవంతుడిని స్వయంగా కలిసి అడిగారు. ఆయన 40,000 డాలర్లు ఇచ్చాడు, ప్రజలు కూడా అంత పోగు చేయాలనే షరతు మీద. ఆయన పేరుతో బట్లర్ ఆసుపత్రి వెలిసింది. న్యూజెర్సీలో ట్రెంటన్ ఆసుపత్రి 1848లో తెరిచారు. పూర్తిగా ఆమె కృషితో పుట్టిన మొదటి ఆసుపత్రి అదే కనుక దానిని తన పెద్దబిడ్డ అనుకునేవారు.

ప్రయాణాలు ఎలా చేశారో చెప్పుకోవాలి. రైళ్లు కొద్దిచోట్లే ఉన్నాయి. మిగతాదంతా గుర్రపు బండ్లు, పడవలు, బురద దారులు. బండి చక్రాలు ఊడిపోవడం మామూలే కనుక సుత్తి, మేకులు, తాడు, తోలు పట్టీలు వెంట పెట్టుకుని తిరిగేవారు. 1843 తరువాతి నాలుగేళ్లలోనే 10,000 మైళ్లకు పైగా తిరిగి, 18 పెద్ద జైళ్లు, 300 జిల్లా జైళ్లు, 500కు పైగా బీదల ఆశ్రమాలు చూశారు. ఆ ఊపిరితిత్తులతో!

1848 చివరలో నార్త్ కరోలినా శాసనసభ ఆసుపత్రి బిల్లును తోసిపుచ్చేలా ఉంది. ఆమె దిగిన హోటల్లోనే జేమ్స్ డాబిన్ అనే సభ్యుడి భార్య లూయిసా జబ్బుతో ఉన్నారు. డిక్స్ ఆమెకు దగ్గరుండి సేవ చేశారు. తాను పోయాక ఆ బిల్లు కోసం మాట్లాడమని లూయిసా భర్తను కోరి కన్నుమూశారు. దుఃఖంలో ఉన్న డాబిన్ సభకు వచ్చి మాట్లాడాడు. బిల్లు భారీ ఆధిక్యంతో నెగ్గింది. రాలీ నగరంలో ఆ ఆసుపత్రి 1856లో తెరిచారు. తన పేరు పెడతామంటే ఒప్పుకోక, డాక్టరుగా పనిచేసిన తన తాతగారి జ్ఞాపకంగా డిక్స్ హిల్ అని ఆ గుట్టకు మాత్రం పెట్టనిచ్చారు. మనకైతే బోరు వేయించినవాడి పేరు కూడా శిలాఫలకం మీద ఉండాలి!

ఆమె పెద్ద కల వేరే ఉంది. రాష్ట్రాల దయ మీద కాకుండా దేశం మొత్తానికీ ఒక ఏర్పాటు. కేంద్ర ప్రభుత్వ భూముల్లో కొన్ని అమ్మి, ఆ సొమ్ముతో నిరుపేద మానసిక రోగులను, అంధులను, బధిరులను చూడాలన్నది ఆ బిల్లు. 1848 నుంచి ఆరేళ్లు వాషింగ్టన్‌లో దాని వెంటపడ్డారు. సభ్యులతో మాట్లాడుకోవడానికి పార్లమెంటు భవన గ్రంథాలయంలో ఆమెకొక మూల కేటాయించారు. 1854లో 1,22,25,000 ఎకరాల బిల్లు రెండు సభల్లోనూ నెగ్గింది. సంతకం పెట్టాల్సిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ మే నెలలో వీటో చేశాడు. పిచ్చివాళ్లను కేంద్రం పోషిస్తే రేపు పేదలందరినీ పోషించమంటారు, అది రాష్ట్రాల పని అన్నది ఆయన వాదం. పేదవాడి సంక్షేమం ఎవరి పద్దులో రాయాలి అనే ఈ తగాదా మనకు ఇప్పటికీ తెలిసినదే. ఒక్క సంతకంతో ఆరేళ్ల శ్రమ పోయింది.

మనసు విరిగి, ఆరోగ్యం చెడి యూరప్ వెళ్లారు. విశ్రాంతి అని పేరే. 1855లో స్కాట్లండ్‌లో లాభం కోసం నడిపే ప్రైవేటు పిచ్చాసుపత్రులు చూసి, రాత్రి రైలెక్కి లండన్ వెళ్లి హోంమంత్రిని కలిశారు. ఆమెను అడ్డుకోవాలనుకున్న ఎడిన్‌బరో నగర పెద్ద తీరిగ్గా బయలుదేరి వచ్చేసరికి పని అయిపోయింది. విచారణ సంఘం వేశారు. 1857లో స్కాట్లండ్‌కు కొత్త చట్టం వచ్చింది. రోమ్ వెళ్లి పోప్ తొమ్మిదవ పయస్‌ను కూడా కలిసి అక్కడి ఆసుపత్రి దుస్థితి చెప్పారు.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది సైన్యానికి నర్సుల అధిపతిగా ఆమెను నియమించారు. జీతం తీసుకోలేదు. ఈ ఉద్యోగంలో ఆమెకు అంత మంచి పేరు రాలేదనే చెప్పాలి. ముప్పై దాటినవాళ్లు, సాదాగా ఉండేవాళ్లు, నలుపు లేదా గోధుమరంగు దుస్తులు వేసేవాళ్లే రావాలని పట్టుబట్టారు. డాక్టర్లతో నిత్యం పేచీ. 1863లో ప్రభుత్వం ఆమె అధికారాలు తగ్గించింది. ఒంటరిగా పోరాడటం అలవాటైనవారికి పదిమందితో కలిసి పనిచేయడం కష్టం కాబోలు. అయినా 1866 వరకు ఉండి, చనిపోయిన సైనికుల ఇళ్లకు ఉత్తరాలు రాయడం దాకా చేశారు.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. దక్షిణ రాష్ట్రాల్లో ఆమె ఏళ్ల తరబడి తిరిగారు. జైలు కొట్టులో గొలుసు చూసి కదిలిపోయిన మనిషి, పత్తి చేలలో బానిసల గొలుసుల గురించి నోరు విప్పలేదు. విప్పితే దక్షిణాది సభలు తన ఆసుపత్రులకు డబ్బు ఇవ్వవని భయం ఒకటి. ఆ బానిసత్వం ఎంత పాపమో ఆమె పూర్తిగా గ్రహించలేదన్నది రెండవది. ఆమెకు అండగా నిలిచిన సమ్నర్, హోవ్ ఇద్దరూ బానిసత్వానికి గట్టి వ్యతిరేకులు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకున్న నేను ఈ విషయం చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాను. ఆమె చేసిన పని దీనితో చిన్నది కాదు. కాని ఈ మౌనాన్ని దాచి ఆమెను పూజించడం నా వల్ల కాదు.

యుద్ధం తరువాత మళ్లీ ఆసుపత్రులు చూడటానికి బయలుదేరారు. ఆమె చేయి పడిన ఆసుపత్రులు 32 అని లెక్క చెబుతారు. కాని కొద్దిమందిని దృష్టిలో పెట్టుకుని కట్టినవాటిలో వందల మంది చేరిపోయారు. సిబ్బంది చాలరు, డబ్బు చాలదు. తోట, పని, మంచి మాట వెనక్కిపోయి తాళాలు, కట్లు మళ్లీ ముందుకొచ్చాయి. కట్టించడం ఒక ఎత్తు, కట్టాక వెళ్లి చూస్తూ ఉండటం ఇంకొక ఎత్తు. ఆమె పోయాక ఆ పెద్దబిడ్డ ట్రెంటన్‌లోనే ఏం జరిగిందో చూడండి. 1907లో హెన్రీ కాటన్ అనే డాక్టరు సూపరింటెండెంటుగా వచ్చాడు. రోగులను కట్టే సాధనాలు తీయించినవాడు కూడా ఆయనే. తరువాత ఒంట్లో దాగిన చీము వల్లే పిచ్చి వస్తుందనే నమ్మకంతో రోగుల పళ్లు పీకించాడు, టాన్సిల్స్ తీయించాడు, పేగులు కోయించాడు. ఎంతోమంది చనిపోయారు. వద్దని చెప్పినా ఆ రోగుల మాట చెల్లలేదు.

మన వైపు సంగతి కూడా అంతే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర ప్రైవేటుగా నడిపే పాకకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపల మానసిక రోగులు గొలుసులతో కట్టి ఉన్నారు. పరుగెత్తలేక 28 మంది కాలిపోయారు. వాళ్లను అక్కడ వదిలింది సొంత కుటుంబాలే, బాగవుతారనే ఆశతో కొందరు, బరువు దిగిందని కొందరు. సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని చెప్పింది. ఆ చట్టం 2018 మే నుంచి అమలులో ఉంది. బస్టాండులో జుట్టు అట్టలు కట్టి తిరిగే మనిషి మీద పిల్లలు రాళ్లు వేస్తుంటే, ఇంటి వెనుక పాకలో పెద్దాయనను స్తంభానికి కట్టి ఉంచితే, ఈ సెక్షన్ సంగతి చెప్పగలిగే చదువు ఆ ఊరిలో మనకే ఉండవచ్చు.

1881లో డెబ్బై తొమ్మిదేళ్ల డిక్స్, ఒంట్లో ఓపిక లేక, ట్రెంటన్ ఆసుపత్రికే చేరారు. సొంత ఇల్లు అంటూ ఆమెకు ఏనాడూ లేదు. న్యూజెర్సీ ప్రభుత్వం ఆ ఆసుపత్రిలోనే కొన్ని గదులు ఆమెకు ఉచితంగా ఇచ్చింది. మంచంలో ఉండి కూడా ఉత్తరాలు రాస్తూ, వచ్చినవారిని ఆసుపత్రుల సంగతులు అడుగుతూ ఆరేళ్లు గడిపారు. 1887 జూలైలో అక్కడే కన్నుమూశారు. కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానంలో ఆమె సమాధి ఉంది, తొలిసారి ఆ చలి గదులు చూసిన జైలు ఉన్న ఊరిలోనే. రాయి మీద బిరుదులు ఏమీ లేవు. పేరు మాత్రం చెక్కారు.